సగం కట్టిన ఇంటి బొమ్మ

నాకు ఒకచోట కూర్చోవడం చేతకాదు. ఇది చెప్తూ చెప్తూ కూడా లేచి వెళ్ళి పొయ్యి మీద పాలు చూసి వచ్చాను, వీధి తలుపు తీసి అటూ ఇటూ చూసి వచ్చాను. నాకు చదువు సంతకం వరకే. అందుకే నోటితో చెప్తున్నాను, రాసేవాళ్ళు రాస్తున్నారు. ముందూ వెనకా అయితే సర్దుకోండి.

మా ఆయన మదనపల్లెలో ఇళ్ళకు ప్లాన్లు గీసేవాడు. మా ఇంటి ముందుగదే ఆయన ఆఫీసు. మంచమంత డ్రాయింగ్ బోర్డు, దాని మీద నూనె కాగితం లాంటి ట్రేసింగ్ పేపరు, గోడకు వేలాడే పొడుగు స్కేళ్ళు. ఊళ్ళో మిగతావాళ్ళు ముందు కాగితం మీద గీసి, ఆ తర్వాత స్థలంలో ముగ్గు పోసేవాళ్ళు. గోడలు ఎక్కడ లేస్తాయో నేల మీద సున్నంతో గుర్తు పెట్టడాన్ని ముగ్గు పోయడం అంటారు. మా ఆయన దాన్ని తిరగేసి చేసేవాడు. ముందు ముగ్గు, తర్వాతే కాగితం.

ఖాళీ స్థలంలో సున్నం గీతలు పోసి, ఆ ఇంటి ఆడమనిషిని పిలిచి, నడువమ్మా అనేవాడు. ఆమె సిగ్గుపడుతూనే లేని గడపను కాలెత్తి దాటేది. లేని పొయ్యి ముందు నిలబడేది. లేని గూట్లో నుంచి లేని డబ్బా అందుకునేది. చుట్టూ ఉన్న మగవాళ్ళు పళ్ళికిలించేవాళ్ళు. ఈయన నవ్వేవాడు కాదు. ఆమె ఎక్కడ ఆగింది, ఎక్కడ ఒళ్ళు పక్కకు తిప్పుకుంది, అది మాత్రం చూసేవాడు. అక్కడ గీత చెరిపి ఇంకాస్త అవతలికి పోసేవాడు. మా ఇంటికి నన్నూ అట్లే నడిపించాడు. నేను బిందె చంకన పెట్టుకున్నట్టు చెయ్యి వంచి నడిచాను. అందుకే మా వంటింటి తలుపు అంత వెడల్పు. చూసినవాళ్ళు ఇదేం తలుపు, ఎద్దు దూరేటట్టుంది అంటారు. బిందెతో దూరి చూడమంటాను.

తొంభైలు ముగిసేలోపల ఆయన పోయాడు. గుండెల్లో నొప్పి అన్నాడు, ఆస్పత్రికి చేరేలోపలే అయిపోయింది. అప్పటికి నా కూతురు పాలిటెక్నిక్‌లో సివిల్ ముగించి ఉంది. కర్మాంతరాలు అయిన తర్వాత ఎవరూ చెప్పకుండానే ముందుగదిలోకి పోయి బోర్డు మీద దుమ్ము తుడిచింది. అన్నాళ్ళూ వచ్చేవాళ్ళు కొంతమంది వచ్చారు. ఆడపిల్ల గీస్తుందా అని కొంతమంది వెనక్కి తిరిగారు. అయినా ఏదో నడిచింది.

ఆ తర్వాత బెంగుళూరు బస్సులు నిలిచే రోడ్డులో మేడ మీద కొత్త షాపు పెట్టారు. ఇల్లు కట్టక ముందే టీవీలో చూపించినట్టు చూపిస్తారని ఊరంతా అదే మాట. కాగితం మీది గీతలు మాకేం తెలుస్తాయి, ఆడికి పోతే రంగులతో సహా ఇల్లు సూపిస్తాండారు అని మా దగ్గరికి వచ్చినవాళ్ళే మా ముందర అనేవాళ్ళు. నేను కూరగాయలకని బయల్దేరి ఆ మేడ కింద నిలబడేదాన్ని. ఎవరెవరు మెట్లు ఎక్కుతున్నారో చూసేదాన్ని. తెలిసిన మొహం కనిపిస్తే తల తిప్పుకునేదాన్ని. సంచిలో ఏమీ లేకుండా ఇంటికి వచ్చి, మళ్ళీ బయల్దేరేదాన్ని.

కంప్యూటరు ఎట్లనో తెచ్చుకున్నాం, ఆ మాట వదిలేయండి. తెస్తే పనైపోతుందనుకున్నాను. అది ఉత్త డబ్బా అంట. అందులో ఇళ్ళు గీసే సాఫ్ట్‌వేర్ వెయ్యాలంట. అవి రకరకాలు ఉంటాయంట, ఏది కావాలో మనమే తేల్చుకోవాలంట. చీరల అంగట్లో అయినా పట్టుకుని చూస్తాం. ఇది పట్టుకుని చూసేది కాదు.

అప్పుడే పుంగనూరు దగ్గరి పల్లె నుంచి కబురు వచ్చింది. అక్కడి అన్నదమ్ముల్లో పెద్దాయన ఇల్లు మా ఆయన గీసిందే. ఇప్పుడు తమ్ముడు వేరే ఇల్లు కట్టుకోవాలనుకుంటున్నాడు. కంప్యూటర్లో ఇల్లు చూపిస్తే మీకే ఇస్తాం, లేకపోతే ఇంకోచోట చూసుకుంటాం అని చెప్పి పంపించాడు. ఆ పల్లెలో ఇంకా ఇళ్ళు కట్టుకోబోయేవాళ్ళు ఉన్నారు, అందరూ ఈయన వైపే చూస్తున్నారు. ఈయన మేడ ఎక్కితే అందరూ ఎక్కుతారు. అప్పుడు మేము ముందుగది అద్దెకు ఇచ్చుకోవాల్సిందే. నా కూతురు బోర్డు వదిలేసి ఏ ఊళ్ళోనో ఎవరి కిందనో బల్ల ముందర కూర్చోవాల్సిందే. ఆ గదికి తాళం పడకూడదు. నాకు కావాల్సింది అదొక్కటే.

మొదట మదనపల్లెలోనే కంప్యూటర్లు నేర్పించే ఒకాయన దగ్గరికి పోయాం. ఆయన ఒక సాఫ్ట్‌వేర్ చూపించాడు. దానికి ఏదో పేరుంది, నేను బొమ్మల సాఫ్ట్‌వేర్ అనేదాన్ని. మౌస్ పట్టుకుని ఇట్లా లాగితే గోడ, అట్లా లాగితే కిటికీ. ఒక చోట నొక్కితే సోఫా వచ్చి కూర్చుంది, ఇంకో చోట నొక్కితే మంచం. కన్ను మూసి తెరిచేలోపల ఇల్లు లేచి నిలబడింది, ముందర పచ్చగడ్డి, గడ్డి మీద కారు. ఇదే, ఇంకేం చూడొద్దు, తీసుకుందాం అన్నాను. నా కూతురు మాత్రం ముంగిట్లో అరుగు వెయ్యమని ఆయన్ని అడిగింది. అరుగు లేదు. నీళ్ళు కాగబెట్టే పొయ్యి అడిగింది. అదీ లేదు. మిద్దె మీదికి బయటి నుంచి పోయే మెట్లు అడిగింది. మెట్లు ఇంటి లోపలే వస్తాయన్నాడు. పొగగొట్టాలు మాత్రం రకరకాలుగా ఉన్నాయి, ఎర్ర ఇటుకలవి, మా ఊళ్ళో ఎవరింటికీ లేనివి.

నెల రోజులు పనిచేసే సీడీ ఇచ్చి పంపించాడాయన. దారంతా నేను ఒకటే పోరు. జనానికి కావాల్సింది బొమ్మే, బొమ్మ ఇవ్వు అన్నాను. నా కూతురు సరే అనలేదు, కాదనలేదు. కుప్పంలో ఇంకో రకం చూసి వద్దాం మా అంది.

కుప్పంలో తనతో పాటు చదివిన అమ్మాయి ఉంది. చర్చి వెనక వాళ్ళ ఇల్లు, వాళ్ళమ్మ నర్సు. పుంగనూరు మీదుగా పలమనేరు పోయి, అక్కడ బస్సు మారి పోయాం. బస్సులో కూడా నాకు నిమ్మళం లేదు. పుంగనూరు బస్టాండులో ఆగినప్పుడు ఆ పల్లెవాళ్ళు ఎవరైనా ఎక్కుతారేమో, ఎక్కితే ఏమని చెప్పాలో అని కిటికీలో నుంచి తల బయటపెట్టి చూస్తూనే ఉన్నాను. తల లోపల పెట్టుకో మా, అని నా కూతురు నా కొంగు పట్టి లాగింది.

ఆ అమ్మాయి దగ్గర ఉండేది గీతల సాఫ్ట్‌వేర్. తెరంతా నల్లగా, దాని మీద సన్న గీతలు. చూస్తే మా ఆయన ట్రేసింగ్ పేపరే, రంగు మారింది అంతే. దానంతట అది ఏమీ ఇవ్వదు. తలుపు కావాలంటే తలుపు మనమే గీసుకోవాలి. గీసుకున్న తర్వాత దాన్ని పైకి లేపి నిలబెట్టొచ్చు, అదీ మనమే చెయ్యాలి. ఆ అమ్మాయి తను చేసుకున్నవి చూపించింది. రామకుప్పం వైపు ఊళ్ళలో ఏనుగులు వస్తాయి, రాగులు కింద పెట్టుకోలేరు. అందుకని వాళ్ళకు వంటింటి పైన గట్టి అటక, దాని మీద మూటలు. మూటలు కూడా గీసింది. ఒకసారి చేసి పెట్టుకుంటే మళ్ళీ మళ్ళీ వాడుకోవచ్చంది. ఎన్నాళ్ళు పట్టింది అని అడిగాను. నవ్వి, అత్తా, ఆ లెక్క అడగొద్దు అంది. అన్నం తినే ముందు వాళ్ళు కళ్ళు మూసుకుని ప్రార్థన చేస్తుంటే నేను మాత్రం కళ్ళు తెరిచి ఆ నల్ల తెర వైపే చూస్తున్నాను. ఇదెప్పుడు నేర్చుకుంటుంది, పుంగనూరువాళ్ళు ఎప్పుడు వస్తారు.

నేర్చుకోమని ఆ అమ్మాయి కూడా తన సీడీ ఇచ్చింది. నా కూతురు వెంటనే ఆ నల్ల తెర ముందర కూర్చుంది. పొద్దంతా గీసేది, చెరిపేది. లేపిన గోడ పడుకునేది, పడుకోవాల్సింది లేచేది. నేను గడప దగ్గర నిలబడి చూసి, వంటింట్లోకి పోయి, మళ్ళీ వచ్చి చూసేదాన్ని. చివరికి నా నోరు ఊరుకోలేదు.

"వాళ్ళు వచ్చేదానికి నీ గోడ నిలబడేటట్టు లేదు పాపా. ఆ బొమ్మలదే పెట్టు."

"దాంట్లో ఉండేది మన ఇల్లు కాదు మా."

"ఎవురి ఇల్లయితే ఏమి, గది నిలస్తే సాలు."

ఆ మాటకు తను ఆ రోజంతా నాతో మాట్లాడలేదు. మరుసటి రోజు చూస్తే బొమ్మల సీడీ పెట్టి పుంగనూరువాళ్ళ ఇల్లు తయారు చేస్తోంది.

వాళ్ళు వచ్చారు, మొగుడూ పెళ్ళామూ. ఆయన తెల్లచొక్కా వేసుకుని, పెళ్ళిచూపులకు వచ్చినట్టు కుర్చీ అంచున కూర్చున్నాడు. ఆమె నిలబడే ఉంది. నా కూతురు నొక్కింది. ఇల్లు లేచింది, గులాబీ రంగు గోడలు, నున్నటి నేల, సోఫా, కారు. ఆయన మొహం వెలిగిపోయింది. కారు చూసి, ఇది కూడా మీరే ఇస్తారా అన్నాడు. అందరం నవ్వాం. ఆమె ఒక్కతే నవ్వలేదు. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని కాసేపు చూసి, ముందర దాన్ని ఆపమంది.

"పునాది గూడా తియ్యలేదు గదమ్మా. ఇల్లంతా ముగిసినట్ల సూపిస్తాండావు. ఈ రోడ్డులో పొయ్యేవాళ్ళంతా సూస్తాండారు. దిష్టి తగిలితే ఎవురు పడాల?"

మాట నిజమే. మా వైపు ఇల్లు కడుతున్నామంటే ముందు కట్టె పాతి, గడ్డితో మనిషిని చేసి, పాత చొక్కా తొడిగి కడతారు. వచ్చేపోయేవాళ్ళ కళ్ళు ఇంటి మీద కాకుండా దాని మీద పడాలని. మేము ఏ అడ్డమూ లేకుండా ఇల్లు మొత్తం కిటికీ పక్కన పెట్టి చూపించాం. నేను లేచి గబగబా కిటికీ రెక్కలు మూశాను. నా కూతురు, ఉండక్కా, దిష్టికి ఏదైనా కడతాను అని ఆ సాఫ్ట్‌వేర్ బొమ్మల్లో వెతకసాగింది. దిష్టిబొమ్మ లేదు. నిమ్మకాయలు లేవు. బూడిద గుమ్మడికాయ లేదు. వెతికి వెతికి ఒక ఎర్ర గుమ్మడికాయ పట్టింది. దానికి కళ్ళూ నోరూ కోసి ఉన్నాయి, నోట్లో దీపం. ఏ దేశం పండగదో. మొహం ఉంది కదా, దిష్టిబొమ్మ లాగే ఉంది కదా అని తీసుకుపోయి వాకిలి పైన కట్టబోయింది. ఆ సాఫ్ట్‌వేర్‌లో వస్తువులు నేల మీదే కూర్చుంటాయి, వేలాడవు. గుమ్మడికాయ జారి సరిగ్గా గడప ముందర కూర్చుంది.

మా వైపు గుమ్మడికాయ కోసి ఉందంటే దానితో దిష్టి తీసేశారని అర్థం. తీసినదాన్ని వీధిలో పగలగొడతారు. దాన్ని ఎవరూ దాటరు, పక్క నుంచి పోతారు. ఇక్కడ అది కోసిన నోటితో, లోపల మంట వెలుగుతూ, ఆమె కొత్త ఇంటి గడపకు అడ్డంగా ఉంది. ఆమె దండం పెట్టి బయటికి నడిచింది. మొగుడు లేచి, మళ్ళీ వస్తాములే పాపా అన్నాడు. ఆ మాట ఎట్లాంటి మాటో నాకు తెలుసు. నేను వాళ్ళ వెనకే వీధి చివరి వరకూ పోయాను. వాళ్ళు ఏ వైపు తిరుగుతారో చూడాలి. బస్టాండు వైపు తిరిగారు. మేడ కూడా అటే ఉంది. అక్కడితో ఆగలేక ఇంకొంచెం పోయాను. వాళ్ళు మేడ దాటి బస్సు ఎక్కితే గానీ ఊపిరి రాలేదు.

ఇంటికొస్తే నా కూతురు కంప్యూటరు మీద గుడ్డ కప్పేసి, వాళ్ళ నాయన బోర్డు ముందర ఊరికే కూర్చుని ఉంది. ఒకచోట ఉండలేక నేను పెరట్లో ఉతికిన బట్టలే మళ్ళీ తడిపాను.

వాళ్ళు ఇక రారనుకున్నాను. కొన్నాళ్ళకు ఆయన ఫోన్ చేశాడు. నా కూతురు విని పెట్టేసి చెప్పింది. ఆమె పోరు పెడుతోందంట. మా యారాల ఇంటికి సారు ముగ్గు పోసి ఆమెను నడిపించినాడు, నన్ను యాల నడిపించలేదు అని అడుగుతోందంట. టీవీ తర్వాత చూద్దాం, ముందు నడిపించమని చెప్పమందంట. యారాలంటే తోడికోడలు.

సున్నం సంచి ఎత్తుకుని పుంగనూరు బస్సు ఎక్కాం. నేను మొదట పోనన్నాను. కొత్త ఇంటికి ముగ్గు పోసేచోట మొగుడు పోయిన ఆడది నిలబడదు, అది అందరికీ తెలుసు. నా కూతురు సంచి బరువు అని చెప్పి నన్ను బస్సు ఎక్కించింది. ఊరు చేరిన తర్వాత నేను స్థలంలోకి పోలేదు, రోడ్డు అవతల టమోటా తోట గట్టు మీద నిలబడ్డాను. నిలబడ్డాను అనేది మాట వరసకు. గట్టు ఈ చివర నుంచి ఆ చివరకు తిరుగుతూనే ఉన్నాను.

నా కూతురు వాళ్ళ నాయన లాగే వంగి, గుప్పిట్లో నుంచి సన్నగా సున్నం వదులుతూ వెనక్కి నడిచింది. గీత తిన్నగా వస్తోందా అని అక్కడి నుంచే మెడ చాపి చూశాను. ఆ తర్వాత ఆ ఇంటామె నడవడానికి సిద్ధమై, చుట్టూ చూసి, నన్ను చూసింది.

"ఆడ యాల తిరుగుతాండావు వదినా? ఈడికి రా."

"నేను రాకూడదులే అమ్మా."

"సారు ముగ్గు పోసిన మా యారాలి ఇల్లు సల్లగా ఉండాది. ఆయన పెండ్లానివి, నువ్వొస్తే మా ఇల్లు సెడిపోతుందా? నా కాలు యాడ తగుల్తాదో సూసి సెప్పేవాళ్ళు గావాల నాకు. ఈ మగోళ్ళకు ఏం తెలుస్తాది?"

నేను రోడ్డు దాటాను. ముగ్గు లోపలికి పోలేదు, అంచున నిలబడ్డాను. ఆమె నడిచింది. లేని గడప దాటింది. లేని పొయ్యి ముందర నిలబడింది. వెనక్కి తిరిగి పెరటి తలుపు వైపు పోబోయి ఆగింది. పాలక్యాను ఎత్తుకున్నట్టు రెండు చేతులు వెడల్పు చేసింది, పట్టలేదు. నా కూతురు ఆ గీత కాలితో చెరిపి అవతలికి పోసింది. ఆమె మళ్ళీ నడిచింది. ఈసారి ఆగలేదు. మొగుడు దూరం నుంచి, ఏం మే, పాలు ఒలికినాయా అని ఎగతాళి చేశాడు. నువ్వు మొయ్యి, తెలుస్తాది అంది ఆమె.

ఇంటికొచ్చి నా కూతురు గీతల సాఫ్ట్‌వేర్ తీసింది. ఈసారి నేను ఒక్క మాట మాట్లాడలేదు, మాట్లాడకుండా గడప దగ్గరికి వస్తూ పోతూ ఉన్నాను. తను అరుగు గీసుకుంది. నీళ్ళ పొయ్యి గీసుకుంది. బయటి మెట్లు గీసుకుంది. గోడలు లేపింది గానీ ముగించలేదు. కొన్ని నడుం ఎత్తు, కొన్ని తల ఎత్తు, పూత లేని ఇటుకలు. కిటికీలు ఉండాల్సిన చోట ఖాళీలు. పైకప్పు సగానికి కింద నుంచి ఊతంగా కట్టెలు పోటు పెట్టి ఉన్నాయి. ముందర ఒక కట్టె పాతి, దానికి గడ్డి మనిషిని కట్టింది. బొమ్మల దాంట్లో ఇల్లు లేస్తే ముగిసే లేస్తుంది, సగంలో నిలపడం రాదంట. ఈ గీతల దాంట్లో ఎంత కడితే అంతే.

వాళ్ళను రమ్మంది. వచ్చారు. తెర మీద ఇల్లు తిరుగుతుంటే నేను ముందుగదిలో ఉండలేకపోయాను. వంటింట్లోకి పోయి కడిగిన గ్లాసులే మళ్ళీ కడుగుతూ చెవి అటు పెట్టాను. ఆయన రంగు ఏది, కారు ఏది అని అడిగాడు. నా కూతురు, అవి ఇల్లు ముగిసినాక అన్నా అంది. ఆ తర్వాత మౌస్ చప్పుడు మాత్రం వినిపిస్తోంది. ఆ చప్పుడు కూడా ఆగింది. నా చేతిలో గ్లాసు జారి కింద పడి దొర్లింది.

వంగి తీసుకుని తలెత్తితే ఆమె నా వంటింటి తలుపులో నిలబడి ఉంది. ఆ వెడల్పు తలుపును ఈ పక్కన, ఆ పక్కన తడిమి చూసింది. నా పొయ్యి దగ్గరికి వచ్చి నిలబడి, తిరిగి, పెరటి వైపు నడిచి చూసింది.

"నిన్ను గూడా సారు నడిపించినాడా వదినా?"

నడిపించినాడు అన్నాను.

"సరే. మా ఇల్లు నీ బిడ్డనే గియ్యమను. పునాదికి మంచిరోజు సూస్తాండాం." పోబోయి ఆగింది. "ఆ దిష్టిబొమ్మకు సొక్కా ఎవురిది? నీలం గళ్ళది. భలే ఉండాది."

ఎవరిదో నాకు తెలియదన్నాను. వాళ్ళు పోయిన తర్వాత ముందుగదిలోకి పోయి చూశాను. గడ్డి మనిషికి నీలం గళ్ళ చొక్కా ఉంది, మోచేతుల వరకు మడిచి. స్థలానికి పోయేటప్పుడు మా ఆయన అట్లే మడిచేవాడు. ఏం పాపా అన్నాను. ఏం లేదు మా, ఆ రంగే చేతికొచ్చింది అంది నా కూతురు, తెర మీద నుంచి చూపు తిప్పకుండా.

బొమ్మల సీడీ ఆ కంప్యూటర్లు నేర్పించే ఆయనకు వెనక్కి ఇచ్చేశాం. గీతలది తీసుకున్నాం. ఆ పల్లెలో మరి కొందరు వచ్చారు, కొందరు మేడ ఎక్కారు. నేను ఇప్పటికీ కూరగాయలకని పోయి ఆ మేడ కింద నిలబడి చూసి వస్తుంటాను. అది మానలేను. తిరిగి వచ్చేటప్పుడు మా వీధి మలుపులో నుంచే మెడ చాపి చూస్తాను. ముందుగది తలుపు తీసే ఉంటుంది.